ఆయిల్ మార్చి 150 కిలోమీటర్లకే కాటుకలా నల్లబడింది: మోసమా, మామూలేనా?

#1 · కొత్తపేట డీజిల్
కారు 2016 మోడల్, 1.3 మల్టీజెట్ డీజిల్, 92,000 కి.మీ. తిరిగింది. మొన్న ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్పించాను. బిల్లులో 5డబ్ల్యూ30 (ఆయిల్ చిక్కదనం గ్రేడు) సింథటిక్ అని ఉంది. 150 కి.మీ. తర్వాత డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ కాటుకలా ఉంది. డబ్బాలో తేనె రంగులో ఉండే సరుకు మూడు రోజుల్లో ఇలా అవుతుందా? పాత ఆయిలే ఉంచి బిల్లు వేశారా, లేక ఇంజన్ లోపల అరిగి బోరుకొచ్చిందా? పొగ లేదు, మైలేజీ తగ్గలేదు.

#2 · గ్రీజు చేతులు
డీజిల్‌కి 150 కి.మీ. అంటే చాలా ఎక్కువే తమ్ముడూ. కొత్త ఆయిల్ పోసి, స్టార్ట్ చేసి, రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపి చూసినా డిప్‌స్టిక్ మీద ముదురు రంగే కనిపిస్తుంది. డ్రైన్ బోల్టు విప్పితే చాంబర్‌లో (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే గిన్నెలో) ఉన్నదే కారుతుంది. ఆయిల్ కూలర్‌లో, బ్లాకు లోపలి దారుల్లో, హెడ్డులో క్యామ్ కింద గుంటల్లో, చైన్ కవర్ అంచుల్లో ఉన్నది అక్కడే ఉంటుంది. ఇంజన్ తిరగగానే అది కొత్తదాంతో కలుస్తుంది.

పొగ లేదు, ఆయిల్ తగ్గడం లేదంటే బోరు గురించి దిగులొద్దు. రంగు చూసి బోరు పని చెప్పే షెడ్డు ఉంటే ఆ షెడ్డు మార్చు.

#3 · ల్యాబ్ కోటు
పై మాటకి లెక్క జోడిస్తాను. ఇంజన్‌కి మొత్తం 3.5 లీటర్లు పడుతుందనుకుందాం. డ్రైన్ చేశాక 300 మి.లీ. లోపలే మిగిలింది. అంటే కొత్త ఆయిల్లో 8.6 శాతం పాతదే. దించిన ఆయిల్లో 2 శాతం మసి ఉందనుకుంటే, తాళం తిప్పిన నిమిషానికే కొత్త ఆయిల్లో 0.17 శాతం మసి చేరినట్టు. డిప్‌స్టిక్ మీది పలుచని పొరను నల్లగా చూపించడానికి 0.1 శాతం చాలు.

ఇప్పుడు రెండో వైపు చూడండి. 10,000 కి.మీ.లో 2 శాతం చేరితే 150 కి.మీ.లో కొత్తగా చేరేది 0.03 శాతమే. కాబట్టి మీరు చూసిన నలుపులో ఎక్కువ భాగం ఈ మూడు రోజుల్లో పుట్టింది కాదు, గత సర్వీసు వదిలి వెళ్లినది.

డీజిల్‌లో మసి తప్పదు. మామూలు పెట్రోల్ ఇంజన్‌లో ఇంధనం గాలితో ముందే కలిసి మండుతుంది. డీజిల్‌లో బాగా వేడెక్కిన గాలిలోకి ఇంధనాన్ని చిమ్ముతారు. ఆ చుక్క చుట్టూ గాలి చాలని చోట కర్బనం పూర్తిగా కాలక మసి అవుతుంది. కొంత పొగగొట్టంలోకి పోతుంది, కొంత సిలిండర్ గోడ మీది ఆయిల్ పొరకి అంటుకుని రింగుల వెంట కిందికి దిగుతుంది. ఈజీఆర్ ఉంటే పొగలో కొంత మళ్లీ లోపలికే వస్తుంది కాబట్టి ఇంకాస్త ఎక్కువ.

#4 · కొత్తపేట డీజిల్
లెక్క అర్థమైంది సార్. ఫిల్టర్ కూడా కొత్తదే కదా, అది ఈ మసిని పట్టదా?

#5 · ల్యాబ్ కోటు
పట్టదు, పట్టకూడదు కూడా. మామూలు కాగితం ఫిల్టర్ 20-25 మైక్రాన్ల రేణువుల నుంచి గట్టిగా ఆపుతుంది. మసి రేణువు నానోమీటర్ల లెక్క. కొన్ని కలిసి గొలుసు కట్టినా 0.1-0.2 మైక్రాన్ దగ్గర ఉంటుంది. వడ్ల జల్లెడలో పిండి పోసినట్టే.

వాటిని అంత సన్నగా ఉంచేది ఆయిల్లో కలిపిన డిస్పర్సెంట్. అది ఒక్కో రేణువు చుట్టూ పొరలా పట్టి, పక్కదానితో అతుక్కోనివ్వదు. డిటర్జెంట్ వేరు. కాల్షియం, మెగ్నీషియం లవణాలతో చేస్తారు. పిస్టన్ గాడుల్లో కట్టే పొరను కడగడం, ఇంధనం కాలినప్పుడు పుట్టే ఆమ్లాన్ని విరవడం దాని పని. షాపుల్లో రెండిటినీ కలిపి డిటర్జెంట్ అనేస్తారు, అందుకే ఈ గందరగోళం.

డిస్పర్సెంట్ అయిపోతే మసి ముద్ద కట్టి చాంబర్ అడుగున, హెడ్డు మూలల్లో మడ్డిగా దిగుతుంది. అప్పుడు డిప్‌స్టిక్ మీది ఆయిల్ ముందుకన్నా తేటగా కనిపించినా కనిపించొచ్చు, కానీ ఆ ఇంజన్ లోపల పరిస్థితి బాగోలేదన్నమాట.

#6 · నల్లపొగ
ఇంత సైన్సెందుకు? ఒక ఫ్లష్ కొట్టించు, లేదా రెండు లీటర్లు డీజిల్ పోసి పది నిమిషాలు ఐడిల్‌లో తిప్పి దించు. పాతదంతా కడిగేస్తుంది. తర్వాత ఆయిల్ అద్దంలా ఉంటుంది.

#7 · గ్రీజు చేతులు
డీజిల్ పోసి తిప్పే పని మాత్రం చేయొద్దు. చేయించొద్దు. డీజిల్‌కి బేరింగుల దగ్గర నిలబడే పొర ఉండదు. ఐడిల్‌లోనే క్రాంకు, క్యామ్, టర్బో బుష్ లోహం మీద లోహం రాసుకుంటాయి. పైగా ఆ డీజిల్ కూడా పూర్తిగా దిగదు కదా. పైన ఆయన చెప్పిన 300 మి.లీ. ఈసారి డీజిలే. కొత్త ఆయిల్లో ఎనిమిది తొమ్మిది శాతం డీజిల్ కలిస్తే 30 గ్రేడు ఆయిల్ మరీ పలుచనైపోతుంది.

డబ్బా ఫ్లష్ సంగతి వేరే. సమయానికి ఆయిల్ మార్చిన ఇంజన్‌కి దాని అవసరం లేదు. ఏళ్ల తరబడి పట్టించుకోని ఇంజన్‌కి ప్రమాదం: గోడలకి పట్టిన మడ్డి పెచ్చులుగా ఊడి చాంబర్‌లోని స్ట్రైనర్ జాలీకి అడ్డం పడుతుంది, ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది, టర్బో ముందు పోతుంది. అలాంటి బండికి మంచి ఆయిల్ పోసి మొదటిసారి 2,000-3,000 కి.మీ.లకే ఫిల్టర్‌తో సహా మార్చడం మేలు. తర్వాతిసారి 5,000. నెమ్మదిగా కడగనివ్వాలి. తీసిన ఫిల్టర్ కాగితం మడతలు విప్పి చూస్తే లోపలి నుంచి ఏం వస్తోందో కనిపిస్తుంది. గట్టి నల్ల గుళికలుంటే తర్వాతి మార్పు ఇంకా ముందుకి జరపాలి.

#8 · నల్లపొగ
సరే, డీజిల్ మాట వెనక్కి తీసుకున్నా. మరి వరసగా రెండుసార్లు ఆయిల్ మారిస్తే?

#9 · ల్యాబ్ కోటు
పాతది 8.6 శాతంలో 8.6 శాతం, అంటే 0.7 శాతానికి వస్తుంది. మసి 0.015 శాతం. డిప్‌స్టిక్ తేనె రంగు చూపిస్తుంది, నిజమే. కానీ 100 కి.మీ.కి 0.02 చొప్పున చేరుతుంటే 500 దాటేసరికి మళ్లీ నలుపే. ఆ కాస్త దూరం రంగు చూసుకోవడానికి మూడు లీటర్ల పైచిలుకు ఆయిల్ డబ్బులు.

#10 · బోనెట్ కింద
అసలు ప్రశ్నలో సగానికి ఇంకా జవాబు రాలేదు: షెడ్డువాళ్లు నిజంగా మార్చారా లేదా? డీజిల్‌లో రంగుతో అది తేలదు. తేల్చేవి ఇవి.

బండి ఇచ్చేముందు ఇవి చేయండి. బయట నుంచి తిప్పి బిగించే డబ్బా ఫిల్టర్ అయితే దాని మీద పెయింట్‌తో చిన్న గీత గీయండి, తిరిగొచ్చాక ఆ గీత ఉంటే మార్చనట్టే. ఈ 1.3లో లోపల కాగితం ఫిల్టర్ ఉంటుంది కాబట్టి పాతదాన్ని చేతికిమ్మని ముందే చెప్పాలి. కొత్త కాగితం మీగడ రంగులోనో పసుపు రంగులోనో ఉంటుంది. పాతది నల్లగా, బరువుగా, కారుతూ ఉంటుంది. మూతకి కొత్త ఓ-రింగ్ (రబ్బరు వలయం) వేశారా చూడండి. పాత ఓ-రింగ్‌కే మూత బిగిస్తే నాలుగు రోజులకి అక్కడ చెమ్మ మొదలవుతుంది.

ఆయిల్ డబ్బా సీలు మీ ముందే తెంపాలి. ఖాళీ డబ్బా మీరే తీసుకుని మేకుతో చిల్లు పొడిచి పారేయండి. చిల్లు లేని మంచి బ్రాండు డబ్బాలోకి మళ్లీ ఏం చేరుతుందో చెప్పలేం.

డ్రైన్ బోల్టు చుట్టూ చూడండి. కొత్తగా స్పానర్ పడితే దుమ్ము చెదిరి ఉంటుంది, వాషర్ మెరుస్తుంటుంది. కింద దుమ్ము గట్టిగా పేరుకుని అలాగే ఉంటే మాత్రం అడగాల్సిందే. అయితే కొన్నిచోట్ల డిప్‌స్టిక్ గొట్టంలోంచి పంపుతో లాగేస్తారు. అలా తీసినా తప్పు కాదు గానీ అడుగున మడ్డి ఉంటే అది రాదు.

#11 · కిక్ రాడ్
బైకులకీ ఇదే సందేహం వస్తుంటుంది కాబట్టి ఇక్కడే రాస్తున్నా. మన బైకుల్లో ఇంజన్, గేర్‌బాక్స్, క్లచ్ మూడూ ఒకే ఆయిల్లో మునిగి ఉంటాయి. పెట్రోల్ బండే అయినా ఆయిల్ త్వరగా బూడిద కలిసిన నలుపులోకి వస్తుంది. అందులో మసితో పాటు క్లచ్ ప్లేట్ల పొడి, గేర్ల అరుగుడు కూడా కలుస్తాయి. హాఫ్ క్లచ్‌లో నడిపే అలవాటుంటే ఇంకా తొందరగా.

స్ప్లెండర్ లాంటి 100 సీసీ బళ్లకి కాగితం ఫిల్టర్ ఉండదు. జాలీ ఒకటి, క్రాంకు చివర తిరిగే సెంట్రిఫ్యూగల్ ఫిల్టర్ ఒకటి. తిరిగే వేగానికి బరువు రేణువులు దాని గోడకి పేస్టులా అంటుకుంటాయి. ఆయిల్ ఎన్నిసార్లు మార్చినా ఆ కవర్ విప్పి తుడవకపోతే పేస్టు అలాగే పెరుగుతూ ఉంటుంది. చాలామంది మెకానిక్‌లు కవర్ గాస్కెట్ మార్చాలన్న బద్ధకంతో దాన్ని ముట్టుకోరు.

మాన్యువల్‌లో రెండు కొలతలు ఉంటాయి: ఆయిల్ మార్చినప్పుడు పోసేది, ఇంజన్ మొత్తం విప్పినప్పుడు పోసేది. రెండోది చూసి పోస్తే ఎక్కువవుతుంది. జాసో ఎంఏ లేదా ఎంఏ2 (ఆయిల్లో మునిగే క్లచ్‌కి సరిపడే ప్రమాణం) అని ఉన్న ఆయిలే వాడాలి. కార్ల కోసం జారుడు పెంచిన ఆయిల్ పోస్తే రంగు ఎలా ఉన్నా క్లచ్ జారుతుంది.

#12 · దమ్ము చక్రం
ట్రాక్టర్లకి కిలోమీటర్లు కాదు, గంటలు. 15డబ్ల్యూ40 పోస్తే చాలావాటికి 250 గంటలకి మార్పు. మాన్యువల్‌లో ఇంకోలా ఉంటే అదే పాటించాలి. దమ్ము చేసేటప్పుడు, రోటావేటర్ లాగేటప్పుడు ఇంజన్ గంటల తరబడి నిండు లోడులో ఉంటుంది, మసి ఆ లెక్కనే. ఆయిల్ మార్చిన మర్నాడే నల్లగా ఉందని కంగారు పడక్కర్లేదు. కానీ మామూలు కన్నా ఎక్కువ నల్ల పొగ కక్కుతుంటే డీజిల్ చిమ్మే నాజిళ్లు దించి టెస్టర్ మీద పెట్టించాలి. నాజిల్ తుంపర కొట్టకుండా కారితే మసీ పెరుగుతుంది, డీజిలూ ఆయిల్లోకి దిగుతుంది.

ఇంకొకటి. ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ (గాలిలో దుమ్ముని గిన్నెలోని ఆయిల్‌తో పట్టేది) ఉన్న బళ్లకి ఆ గిన్నెలో ఆయిల్ గీత దాకా ఉండాలి. దుమ్ములో పనిచేసిన రోజుల్లో రోజూ విప్పి చూడాలి. అడుగున బురద చేరితే కడిగి కొత్తది పోయాలి. రబ్బరు గొట్టం పగిలినా, క్లిప్పు వదులైనా దుమ్ము నేరుగా సిలిండర్‌లోకి పోతుంది. మసికి ఇంజన్ ఓర్చుకుంటుంది, దుమ్ముకి ఓర్చుకోదు. రింగులు, లైనర్లు ఒక్క సీజన్లో అరిగిపోతాయి.

#13 · మూడు చక్రాలు
సీఎన్‌జీ ఆటోవాళ్లది దీనికి తలకిందుల సమస్య. గ్యాస్ శుభ్రంగా కాలుతుంది, మసి దాదాపు ఉండదు. 8,000 కి.మీ. తర్వాత కూడా ఆయిల్ టీ డికాక్షన్ కన్నా లేతగా ఉంటుంది. అది చూసి "ఇంకా బాగుంది" అని మరో నాలుగు నెలలు తోలుతారు. లోపల వేడి ఎక్కువ. నైట్రోజన్ ఆక్సైడ్లు ఆయిల్‌తో కలిసి దాన్ని చిక్కబరుస్తాయి, పిస్టన్ మీద లక్కలాంటి పొర కడతాయి. తేటగా ఉన్నంత మాత్రాన అందులో సత్తువ ఉన్నట్టు కాదు. గ్యాస్ బండికి డిప్‌స్టిక్ రంగు చూడటం పూర్తిగా మానేసి కిలోమీటర్లు రాసుకోవాలి.

#14 · రావులపాలెం పెట్రోల్
మరి పెట్రోల్ కారు? మాది 500 కి.మీ.కే నల్లబడింది. అదీ మామూలేనా?

#15 · గ్రీజు చేతులు
మామూలు పెట్రోల్ కారులో 500 కే నలుపంటే కారణం వెతకాలి. సాధారణంగా తేనె రంగు నుంచి గోధుమ రంగుకి రావడానికి రెండు మూడు వేలు పడుతుంది. డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో పెట్రోల్ అయితే కొంచెం డీజిల్ తీరుగానే మసి చేస్తుంది, దానికి మినహాయింపు.

ముందు అడగాల్సింది: గతంలో ఆయిల్ ఆలస్యంగా మార్చారా? అయితే కొత్త ఆయిల్ పాత పొరని కడుగుతోంది. ఒకటి రెండు మార్పుల తర్వాత సర్దుకుంటుంది. కాకపోతే పీసీవీ వాల్వు (క్రాంక్‌కేసు పొగని బయటికి వదిలేది) చూడండి. విప్పి ఊపితే టకటకమనాలి. ఇరుక్కుంటే క్రాంక్‌కేసులోని పొగ బయటికి పోలేక ఆయిల్లోనే కలుస్తుంది. అది బాగుంటే కంప్రెషన్ టెస్టు, అంటే ఒక్కో సిలిండర్‌లో ఒత్తిడి కొలవడం. అన్ని సిలిండర్లూ దగ్గర దగ్గరగా ఉంటే రింగులు బాగానే ఉన్నట్టు. ఒకటి బాగా తగ్గితే ఆ బోరులో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా హెడ్ గాస్కెట్.

మాలిబ్డినం డైసల్ఫైడ్ కలిపిన ఆయిల్ ఏమైనా పోయించారా? అది డబ్బాలోనే నల్లగా ఉంటుంది. అలాంటిదైతే నలుపుకి వేరే కారణం వెతకక్కర్లేదు.

#16 · ల్యాబ్ కోటు
నలుపుకి భయపడేవాళ్లు నిజంగా భయపడాల్సిన రంగులు వేరే ఉన్నాయి. పాలు కలిపిన కాఫీలా ఉంటే నీళ్లో కూలెంటో కలిసినట్టు: హెడ్ గాస్కెట్, ఆయిల్ కూలర్. పోసే మూత కింద మాత్రమే కాస్త తెల్లని నురగ ఉండి డిప్‌స్టిక్ శుభ్రంగా ఉంటే, చిన్న చిన్న దూరాలు తిరగడం వల్ల చేరిన చెమ్మే. ఎండలో వేలి మీద బంగారు రంగు మెరుపు కనిపిస్తే బేరింగు లోహం. కొత్త బండి మొదటి సర్వీసులో కాస్త వెండి మెరుపు ఉండటం వేరు. డీజిల్ వాసన వస్తూ లెవెల్ పైకి పెరుగుతుంటే ఇంధనం దిగుతోంది.

ఇంట్లో చేయదగ్గ పరీక్ష చుక్క పరీక్ష. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు ఆపి, డిప్‌స్టిక్ కొస నుంచి ఒక్క చుక్క ఫిల్టర్ పేపర్ మీద వేయండి. కాలేజీ ల్యాబులకి అమ్మే షాపులో దొరుకుతుంది. కాఫీ ఫిల్టర్ కాగితమూ సరిపోతుంది, న్యూస్‌పేపర్ పనికిరాదు. చుక్క ఉన్న భాగం బల్లకి తగలకుండా గ్లాసు మూతి మీద పెట్టి ఒక రోజు వదిలేయండి. నలుపు నడిమి నుంచి అంచు దాకా పలుచబడుతూ పాకితే డిస్పర్సెంట్ పని చేస్తోంది. నడిమిలోనే గట్టి మచ్చగా నిలిచి చుట్టూ తేట ఆయిల్ ఒక్కటే పాకితే మసి ముద్ద కడుతోంది, వెంటనే మార్చాలి. బయటి అంచున విడిగా లేత వలయం ఉంటే ఇంధనం. అంచు రంపపు పళ్లలా చిరిగినట్టుంటే కూలెంట్ అనుమానం.

ల్యాబుకి పంపితే మసి శాతం, 100 డిగ్రీల దగ్గర చిక్కదనం (30 గ్రేడు అయితే 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ మధ్య ఉండాలి), టీబీఎన్ (ఆమ్లాన్ని విరిచే శక్తి ఎంత మిగిలిందో చెప్పే అంకె), లోహాలు వస్తాయి. సిలికాన్ పెరిగితే ఎయిర్ ఫిల్టర్ దగ్గర దుమ్ము దారి, సోడియం లేదా పొటాషియం పెరిగితే కూలెంట్. నమూనా ఆయిల్ దించేటప్పుడు ధార మధ్యలో పట్టాలి. మొదట వచ్చేదాంట్లో అడుగు మడ్డి కలుస్తుంది. పోల్చడానికి అదే బ్రాండు కొత్త ఆయిల్ కొంచెం కూడా పంపండి. మార్చారో లేదో అన్న తగువు కూడా టీబీఎన్‌తో తేలిపోతుంది. 10,000 కి.మీ. తిరిగిన ఆయిల్లో అది బాగా పడిపోయి ఉంటుంది.

#17 · బీఎస్6 బాధితుడు
డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న బళ్ల గురించి ఒక మాట చెప్పండి.

#18 · బోనెట్ కింద
నలుపు సంగతి అదే. అదనంగా చూడాల్సింది లెవెల్. డీపీఎఫ్‌లో మసి కాల్చడానికి (దీన్నే రీజనరేషన్ అంటారు) చాలా బళ్లు సిలిండర్‌లోకే ఆలస్యంగా డీజిల్ చిమ్ముతాయి. అందులో కొంత గోడల వెంట ఆయిల్లోకి దిగుతుంది. సిటీలో రోజూ ఐదు కిలోమీటర్లు తిరిగి, రీజనరేషన్ మధ్యలో ఇంజన్ ఆపేస్తుంటే లెవెల్ మ్యాక్స్ గీత దాటుతుంది. దాటితే మార్చాల్సిందే, కిలోమీటర్లు అయ్యాయా లేదా అని చూడక్కర్లేదు. బండి కంపెనీ చెప్పిన ఏసీఈఏ (యూరప్ ఆయిల్ ప్రమాణం) సీ2, సీ3 లాంటి తక్కువ బూడిద రకమే పోయాలి. సీ3లో సల్ఫేటెడ్ యాష్, అంటే ఆ బూడిద, 0.8 శాతం మించదు. మసి రీజనరేషన్‌లో కాలిపోతుంది, బూడిద కాలదు. డీపీఎఫ్‌లోనే ఉండిపోయి చివరికి దాన్ని మూసేస్తుంది.

#19 · కొత్తపేట డీజిల్
చుక్క పరీక్ష చేశాను. సమంగా పాకింది, వలయాలు లేవు. పాత ఫిల్టర్ అడిగితే చూపించారు, మార్చారు. కానీ డిప్‌స్టిక్ మీద ఇంకో సంగతి కనిపించింది: చదునైన చోట పది నిమిషాలు ఆగి చూస్తే ఆయిల్ మ్యాక్స్ గీతకి 5 మి.మీ. పైన ఉంది. మిన్, మ్యాక్స్ గీతల మధ్య 20 మి.మీ. ఉంది. మొదట రంగు చూసి, లెవెల్ పట్టించుకోలేదు. దీన్ని వదిలేయొచ్చా?

#20 · గ్రీజు చేతులు
వదలొద్దు. డబ్బా మిగలకూడదని మొత్తం పోసేసి ఉంటారు, ఎక్కువచోట్ల జరిగేదే. క్రాంకు ఆయిల్‌ని చిలికితే నురగ వస్తుంది, నురగతో ప్రెషర్ నిలవదు. బ్రీథర్ గొట్టంలోంచి ఇన్‌టేక్‌లోకి కూడా పోతుంది. డీజిల్‌కి ఆయిల్ కూడా ఇంధనమే, మరీ ఎక్కువ పోతే ఇంజన్ తాళం తీసినా ఆగదు. ఈ 1.3లో చైన్ టెన్షనర్ ఆయిల్ ప్రెషర్ మీదే పనిచేస్తుంది, కాబట్టి నురగ అసలు మంచిది కాదు.

గీతల మధ్య ఎంతో మాన్యువల్‌లో చూడు. లీటరు అయితే 5 మి.మీ. అంటే పావు లీటరు. ఇంజన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు 60 మి.లీ. సిరంజికి సన్నని గొట్టం తగిలించి డిప్‌స్టిక్ దారిలో చాంబర్ దాకా దించు. నాలుగుసార్లు లాగు. పది నిమిషాలు ఆగి కొలువు. గీతకి ఒక పిసరు కింద ఉన్నా పర్వాలేదు. డ్రైన్ బోల్టు వదులు చేసి కొంచెం వదలాలని మాత్రం చూడకు. అలా చేస్తే సగం చేతి మీద, సగం నేల మీద పోతుంది, వాషర్ మళ్లీ కొత్తది వేయాలి.

#21 · దమ్ము చక్రం
తీసినదాన్ని చెదలకని తలుపు చెక్కలకి పూయొద్దు. వాడిన ఆయిల్లో చర్మానికి హాని చేసేవి ఉంటాయి, గ్లౌజులు వేసుకునే లాగు. సీసాలో పోసి మూత పెట్టి, పాత ఆయిల్ రీసైక్లింగ్‌కి ఇచ్చే షెడ్డులో ఇచ్చేయ్. కాలువలో కలిపితే పొలం దాకా వస్తుంది.

#22 · కొత్తపేట డీజిల్
నాలుగున్నర సిరంజిలు వచ్చింది, 270 మి.లీ. ఇప్పుడు గీతకి ఒక మిల్లీమీటరు కింద ఉంది. రంగు మాత్రం అదే కాటుక.